పెద్దాయన వీపు

మా బావ బాత్రూములో జారి కాలు విరగ్గొట్టుకోకపోయి ఉంటే నేను గోడనయ్యేదాన్ని కాదు. గోడ అంటే నా ఆటగాడి పేరు. ఆ పేరు పెట్టింది మా బావే, నన్ను ఆ ఆటలోకి ఈడ్చింది మా బావే, కాలి కట్టు విప్పగానే చేతులు దులుపుకుని పోయింది కూడా మా బావే. ఇప్పుడు అడిగితే "ఏ ఆట మరదలా?" అంటాడు. ఒళ్ళు మండుతుంది.

కట్టు వేసుకుని సోఫాలో పడి ఉన్న రోజుల్లో ఆయన మా అక్క ప్రాణం తోడేశాడు. టీవీ విసుగొచ్చింది, పేకముక్కలు విసుగొచ్చాయి, చివరికి అక్క మొహం కూడా విసుగొచ్చిందని ఒకరోజు పైకే అనేశాడు. ఆ ఆదివారం నేను చూడటానికి వెళితే ఫోన్ నా ముక్కు ముందు ఆడించాడు.

"ఇదిగో, ఇందులో చేరదాం. నువ్వూ చేరు. ఒక్కణ్ణే ఆడితే మజా ఏముంది?"

అది అమెరికన్ ఫుట్‌బాల్ లీగు. మైదానంలో ఆడేది కాదు, కంప్యూటర్ కడుపులో ఆడేది. ఫుట్‌బాలంటే కాలితో తన్నేదనుకునేరు, అదీ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం, దూరానికి విసరడం, అవతలి జట్టువాళ్ళు మీద పడి కింద పడగొట్టడం. ఈ లీగులో ఒక్కో మనిషి ఒక్కో ఆటగాణ్ణి తయారుచేసుకుంటాడు. వాడి పేరూ ఎత్తూ బరువూ అన్నీ మనమే పెడతాం. వారం వారం శిక్షణ పాయింట్లు వస్తాయి. వాటిని ఇంత బలానికి, ఇంత కాళ్ళ వేగానికి అని మనమే పంచాలి. శనివారం మధ్యాహ్నం కంప్యూటరే మ్యాచ్ ఆడించేస్తుంది. అప్పుడు మనం చేసేది ఏమీ ఉండదు. బొమ్మలు కూడా రావు. ఏం జరిగిందో ఒక్కో వాక్యంగా తెర మీద పడుతుంటే చదువుకోవాలి.

"దీనికన్నా కరెంటు బిల్లు చదువుకోవడం నయం" అన్నాను.

నా మాట వింటే ఆయన మా బావెందుకవుతాడు? తనకోసం బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి తయారుచేసుకున్నాడు. కాలు కదపలేనివాడి కోరిక అంతకన్నా ఏముంటుంది? నాకు మాత్రం లైనులో ఎడమ చివర నిలబడేవాణ్ణి ఇచ్చాడు.

"వీడేం చేస్తాడు?" అని అడిగాను.

"బంతి విసిరేవాడొకడుంటాడు. క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు కుడివైపు చూసి విసురుతుంటే ఎడమవైపు నుంచి, వాడికి కనపడకుండా వచ్చి పడగొడతారు. అలా రానివ్వకుండా నీవాడు అడ్డం నిలబడాలి. అంతే."

"బంతి ముట్టుకోడా?"

"జన్మలో ముట్టుకోడు."

"మరి నాకెందుకు వీణ్ణి అంటగట్టావ్?"

"ఎవర్నీ దగ్గరికి రానివ్వని ఉద్యోగం కదా మరదలా. నీకు పుట్టుకతో వచ్చిన విద్య."

వంటింట్లోంచి అక్క "నోరు మూసుకోండి కాసేపు" అని అరిచింది. నేను పకపకా నవ్వాను. నవ్వకపోతే నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది.

ఎందుకంటే నేను ఒంటరిదాన్ని. దాచడానికేముంది. ఒకప్పటి మా ఆయన ఇదే ఊళ్ళో, ఇంకో వీధిలో, ఇంకొకావిడతో ఉంటున్నాడు. పిల్లలు లేరు. పళ్ళు కట్టే ల్యాబులో నా ఉద్యోగం. డాక్టర్లు తీసి పంపిన దవడ అచ్చుల మీద తొడుగులూ బ్రిడ్జీలూ తయారుచేసి తిరిగి పంపుతాం. వెనక గదిలో నా బల్ల, అరగదీసే మిషను, దుమ్ము పీల్చే గొట్టం. పక్క బల్ల దగ్గర పింగాణీ పని చేసే ఆయన రోజంతా చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంటాడు. పొద్దున "గుడ్ మార్నింగ్", సాయంత్రం "వస్తా". అక్కకి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి వంట చేసుకుంటూ వింటుంది. అంటే నేను చెప్పేది కుక్కరు వింటుంది, అక్క మధ్యమధ్యలో "ఊఁ" అంటుంది.

కొత్తవాళ్ళని జట్లు ఏరుకునే రోజున నా గోడని ఖడ్గమృగాలు అనే జట్టు తీసుకుంది. దాదాపు అందరూ అయిపోయాక తీసుకుంది. బావ ఇంకేదో జట్టులో పడ్డాడు. మొదటి సీజన్ ఆడేవాళ్ళని రూకీలంటారు. రూకీ మూడు వారాలు వరసగా శిక్షణకి రాకపోతే లీగులోంచి పేరు కొట్టేస్తారు. బావ కట్టు విప్పేశారు, ఆయన నడక మొదలుపెట్టాడు, ఆయన పరుగుల వీరుడు లీగులోంచి మాయమైపోయాడు. నేనూ మానేద్దామనే అనుకున్నాను.

మొదటి మ్యాచ్‌లో నా గోడ పేరు ఒక్కసారి వచ్చింది. "గోడను దాటుకుని వచ్చేశారు. పెద్దాయన నేల మీద." పెద్దాయన అంటే మా క్వార్టర్‌బ్యాక్. ఎన్నో సీజన్లుగా ఆడుతున్నవాడు, లీగులో అందరికీ తెలిసిన పేరు. రెండో మ్యాచ్‌లో నా పేరు అసలు రాలేదు. వాక్యాలన్నీ వెతికాను. పరిగెత్తినవాడి పేరు ఉంది, పట్టుకున్నవాడి పేరు ఉంది, బంతి జారవిడిచిన దద్దమ్మ పేరు కూడా ఉంది, నాది లేదు. అప్పుడు అర్థమైంది, నేను నా పని సరిగ్గా చేస్తే నా పేరు రాదు. ల్యాబులోనూ అంతే కదా. పన్ను బాగా కూర్చుంటే అది ఎవరు చేశారని ఎవరూ అడగరు. నొక్కుకుంటే మాత్రం వెంటనే ఫోనొస్తుంది. పనిలోనూ అదే, ఆటలోనూ అదేనా అని మండిపోయి, ఫోన్ పక్కన పారేయబోయాను.

అప్పుడే టింగుమని ఒక సందేశం వచ్చింది. పెద్దాయన దగ్గర్నుంచి, నా ఒక్కదానికే.

"ఈ రోజు నా వీపుకి దుమ్ము అంటలేదు. థాంక్స్."

నేను ఎంతసేపు దాన్ని చూశానో చెబితే నవ్వుతారు. జట్టులో అంతమంది ఉంటే, ఎవరికీ కనపడని నా పని ఆ ఒక్కడికి కనపడింది. కడుపు నిండిపోయింది. కింద జవాబు రాసే చోటు ఉంటే "పర్వాలేదండీ, అది నా డ్యూటీ" అని రాశాను. రాసి, ఎందుకో సిగ్గేసి, ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆ తర్వాత మానేస్తానన్న మాట ఎత్తలేదు. వారం పాయింట్లన్నీ గోడ బలానికే పోసేదాన్ని. పెద్దాయన పడకుండా ఉన్న ప్రతి శనివారం నాకు ఒక మాట వచ్చేది. "నువ్వుంటే వెనక్కి చూడక్కర్లేదు" అని ఒకసారి. "ఇవాళ చొక్కా ఉతకక్కర్లేదు" అని ఇంకోసారి. మళ్ళీ దుమ్ము మాటే. చెప్పిందే చెబుతున్నాడేమిటి అనిపించకపోలేదు. కానీ మా నాన్నా అంతే, ఉన్న నాలుగు మాటలే తిప్పి తిప్పి వాడేవాడు. పెద్దవాళ్ళు అలాగే ఉంటారు, మాట తక్కువ, మనసు ఎక్కువ అని సర్దిచెప్పుకున్నాను.

ఆయనకి మాట తక్కువైతే నాకు ఎక్కువ. అది మాత్రం నిజం. నా జవాబులు పొడుగైపోయాయి. ముందు ఆట గురించే రాశాను. తర్వాత పింగాణీ ఆయన గురించి రాశాను. ఒకరోజు లిఫ్టులో అంతస్తు చెప్పే ఆడగొంతుకి పరధ్యానంగా థాంక్స్ చెప్పేస్తే, పక్కనున్నావిడ పిల్లని తన వైపుకి లాక్కుందని రాశాను. కొత్త చీర కట్టుకుని ల్యాబుకి వెళితే ఎవరూ చూడలేదని, సాయంత్రం అద్దం ముందు నేనే "బాగుంది" అనుకున్నానని రాశాను. ఇలాంటివి అక్కకి చెబితే "నీకేం తక్కువే, హాయిగా ఉన్నావ్, నా బతుకు చూడు" అని తన చిట్టా విప్పుతుంది. పెద్దాయన అలా కాదు. విని ఊరుకునేవాడు. మళ్ళీ శనివారం రెండు మాటలు అనేవాడు. నాకు అంతకన్నా అక్కర్లేదు.

ఎవరితోనూ అనని ఒక సంగతి కూడా ఆయనకి రాశాను.

ఒకరోజు ల్యాబుకి ఒక అచ్చు వచ్చింది. అచ్చుల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. దుమ్ము ఊది చేతిలోకి తీసుకుని తిప్పాను. పై దవడ ఎడమ కోరపన్ను కొంచెం లోపలికి తిరిగి, పక్కదాని చాటున నక్కినట్టుంది. ముందుపన్ను మూల చెక్కుపోయి ఉంది. సీసా మూతలు పళ్ళతో తీయొద్దని నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా తీసిన మూల అది. ఒకప్పటి మా ఆయన నోరు నా అరచేతిలో ఉంది. దిగువన వెనకవైపు రెండు పళ్ళు పోయాయి. వాటికి బ్రిడ్జి కావాలట.

ఓనరుని పిలిచి ఇది ఇంకొకరికి ఇమ్మని చెప్పొచ్చు. చెప్పలేదు. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను. వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచితే చాలు, ఎవరికీ పట్టుపడదు, నమిలినప్పుడల్లా జివ్వుమంటుంది. ముద్ద ముద్దకీ నేను గుర్తొస్తాను, నేనని తెలియకపోయినా సరే. అంత కోపమూ చేతిలోకి వచ్చింది. కానీ మిషను ముందు కూర్చున్నాక చేయి దాని పని అది చేసుకుపోయింది. నాలుకకి కూడా తెలియనంత నున్నగా మెరుగుపెట్టి పంపించేశాను. ఆ సాయంత్రం బస్సులో ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలియదు. ఇదంతా పెద్దాయనకి పూసగుచ్చినట్టు రాశాను. ఆ శనివారం "నువ్వుంటే వెనక్కి చూడక్కర్లేదు" అని వచ్చింది. అంత బరువైన సంగతికి అంత పొందికైన జవాబు ఇంకెవరివ్వగలరు అనుకున్నాను.

ఇక్కడ మా మేనేజరమ్మ గురించి చెప్పాలి. ప్రతి జట్టుకీ ఒక మేనేజరు ఉంటారు, మాకు ఉన్నది ఒకావిడ. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని ఎవరితో మార్చుకోవాలి అన్నీ ఆవిడే చూస్తుంది. పలకరింపులు ఎరగని మనిషి. జట్టు అందరం ఫోన్‌లో కబుర్లు రాసుకునే గదిలోకి వచ్చి "గోడ, ఈ వారం కాళ్ళకి పాయింట్లు పెట్టండి" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయేది. ఆ గదిలో రాజ్యం మిడతది. మిడత నాలాగే రూకీ, బంతిని గాల్లో ఎగిరి పట్టుకునేవాడు. వాడు మ్యాచ్‌లో ఎంత ఎగురుతాడో మాటల్లోనూ అంతే. అందరికీ ముద్దు.

సీజన్ సగం దాటాక మేనేజరమ్మ ఒక నిబంధన గుర్తుచేసింది. సీజన్ అయిపోయిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నంలోగా, ప్రతి జట్టూ ఒక ఆటగాణ్ణి వదులుకోవాలి. వదిలినవాళ్ళు ఎక్కడ తేలుతారో, అసలు ఎవరైనా తీసుకుంటారో లేదో తెలియదు. ఎప్పుడూ పోయేది రూకీలే అని పాతవాళ్ళు చెప్పారు. అంటే మిడతో నేనో. మిడతని ఎవరు వదులుకుంటారు?

పోయేది నేనే. ఇంకో జట్టులో ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు, ఉండనీండి, నాకెందుకు? నాకు కావలసింది పెద్దాయన వీపు కాసే చోటు. ఆ చోటు పోతే శనివారాలు మళ్ళీ మామూలు శనివారాలైపోతాయి. గుడ్డలు ఆరేసుకోవడం, మడతపెట్టుకోవడం. ఆయన వీపుకి దుమ్ము అంటకుండా చూసుకుంటే నన్ను పంపమని ఎవరూ అనలేరనుకుని, ఉన్న పాయింట్లన్నీ బలానికే పోశాను. కాళ్ళకి పెట్టమని మేనేజరమ్మ చెప్పిన మాట చెవిన పెట్టలేదు.

చివరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్‌లో దాని ఫలితం అనుభవించాను. అవతలి జట్టులో ఒక చురుకైనవాడు ఉన్నాడు. నా గోడ కొండలా నిలబడింది, వాడు కొండ చుట్టూ తిరిగి వచ్చేశాడు. "గోడను దాటుకుని వచ్చేశారు. పెద్దాయన నేల మీద." మళ్ళీ అదే వాక్యం. మళ్ళీ. సీజన్ మొత్తంలో రానన్నిసార్లు నా పేరు ఆ ఒక్క మధ్యాహ్నం వచ్చింది. ఓడిపోయాం.

ఆ శనివారం పెద్దాయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఆయన పాత సందేశం కిందే క్షమాపణ రాశాను. జవాబు లేదు. ఆదివారం మళ్ళీ రాశాను. "మీరు తిట్టినా పర్వాలేదు, ఊరుకోకండి" అన్నాను. జవాబు లేదు. సోమవారం ల్యాబులో భోజనాల వేళ ఇంక ఉండబట్టలేక జట్టు గదిలో అందరి ముందూ అడిగేశాను.

"పెద్దాయనకి నా మీద కోపం వచ్చిందా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

మిడత వెంటనే ఊడిపడ్డాడు. "ఏ పెద్దాయన గోడక్కా?"

"మన పెద్దాయనే. శనివారం నుంచి ఉలుకూ పలుకూ లేదు."

"ఆయన ఎప్పుడు పలికాడని?"

"నాతో మాట్లాడతాడు. మ్యాచ్ అయ్యాక."

గదిలో నవ్వుతున్న మొహాలు వరసకట్టాయి.

"అయ్యో అక్కా! అది కంప్యూటరు పంపేది. క్వార్టర్‌బ్యాక్ ఒక్కసారి కూడా పడకపోతే ఎడమ చివర నిలబడ్డవాడికి థాంక్స్ దానంతటదే వెళ్ళిపోతుంది. అందులో ఉన్నవి మూడే వాక్యాలు. పెద్దాయన్ని తయారుచేసిన మనిషి ఎప్పుడో మానేశాడు. రూకీల్ని తీసేస్తారు గానీ, పాత ఆటగాళ్ళని జట్టుకి కావాలంటే ఉంచుకోవచ్చు. అందుకని ఉన్నాడు. ఆయన వెనక మనిషే లేడు!"

"రూకీలు ఎవరో ఒకరు పడుతూనే ఉంటారులే" అని పాతవాడొకడు రాశాడు. "నేనూ మొదట్లో 'పర్లేదు బాసూ' అని జవాబిచ్చా."

వాడు ఇచ్చింది ఒక్క ముక్క. నేను ఇచ్చింది నా సీజన్ మొత్తం. తల కొట్టేసినట్టయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. లిఫ్టుకి థాంక్స్ చెప్పిన మొహానికి ఇంతకన్నా తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు ఇంకో సంగతి తట్టింది.

"మరి కింద జవాబు రాస్తే అది ఎక్కడికి పోతుంది?" అని అడిగాను.

"మనిషి లేని ఆటగాడి ఉత్తరాలన్నీ మేనేజరుకే కదా వెళ్ళేది" అన్నాడు మిడత.

గదిలో మేనేజరమ్మ గుర్తు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. అంటే ఆవిడ అక్కడే ఉంది. అంతా చూస్తోంది.

నేను డబ్బా మూసేసి చేయి కడుక్కుని వచ్చి ఆవిడకి విడిగా రాశాను.

"అన్నీ చదివారా?"

కొంచెంసేపటికి వచ్చింది. "చదివాను."

"బ్రిడ్జి సంగతి కూడా?"

"అది కూడా."

"సిగ్గుగా లేదా మీకు? ఒకళ్ళ ఉత్తరం పొరపాటున ఇంటికొస్తే చదివి దాచుకుంటారా? నవ్వుకున్నారా కడుపారా?"

"నవ్వుకోలేదండీ. మొదటిది చూసి చెబుదామనే అనుకున్నాను. చిన్నది కదా అని ఊరుకున్నాను. తర్వాతది పెద్దదైంది. అప్పుడు చెబితే మీరు సిగ్గుపడతారని ఊరుకున్నాను. ఆ తర్వాత ఇంక చెప్పాలనిపించలేదు. తప్పే."

"తప్పే అంటే సరిపోయిందా?"

"సరిపోదు. ఒక్క మాట చెప్పనా? మీరు ఒక్కసారి ఏదైనా అడిగి ఉంటే నిజం చెప్పేసేదాన్ని. అడిగినదానికి ఊరుకోలేను కదా. మీరు ఎప్పుడూ ఏమీ అడగలేదు."

ఒళ్ళు భగ్గుమంది. తప్పు తను చేసి పైగా నామీద పెడుతుందా అనుకుని, ఆవిడ మొహాన కొడదామని నా ఉత్తరాలన్నీ మొదటి నుంచీ తిరగేశాను. ఎక్కడైనా ఒక ప్రశ్న ఉంటుంది కదా. మీ ఊరేది, మీరేం చేస్తుంటారు, మీ ఆరోగ్యం ఎలా ఉంది, ఎవరైనా అడిగేవే. లేవు. నేను, నేను, నా ల్యాబు, మా అక్క, నా చీర. ఒక మనిషితో అన్ని వారాలు మాట్లాడాననుకుని, ఆ మనిషి బతికే ఉన్నాడా అని కూడా నేను అడగలేదు. ఆవిడ చెప్పింది నిజమే. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"ఈసారి వదిలేది నన్నే వదలండి. నాకు ఈ జట్టూ వద్దు, ఈ ఆటా వద్దు" అని రాసి ఫోన్ సొరుగులో పడేశాను. పింగాణీ ఆయన చెవుల్లోంచి పాట తీసి నా వైపు చూశాడు. "ఏమైనా అన్నారా?" అన్నాడు. "లేదు" అన్నాను. మళ్ళీ పాట పెట్టుకున్నాడు.

ఆ వారమంతా ఎలా గడిచిందంటే గడిచింది. పైకి చెప్పుకునే బాధ అయితే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. లేని మనిషి పోయాడని ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు? అక్కతో అంటే పిచ్చాసుపత్రి పేరు ఎత్తుతుంది. బావతో అంటే జన్మంతా ఏడిపిస్తాడు. చిత్రం ఏమిటంటే పెద్దాయన లేడని తెలిసినా నాకు ఆయన మీద బెంగ తగ్గలేదు. పోతూ పోతూ పరువుగా పోదామని, ఆఖరి పాయింట్లు గోడ కాళ్ళకి పెట్టాను.

శనివారం చివరి మ్యాచ్ జరిగింది. చదవకూడదనుకుంటూనే చదివాను. నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. మ్యాచ్ ముగియగానే టింగుమంది.

"నువ్వుంటే వెనక్కి చూడక్కర్లేదు."

కంప్యూటరు అని తెలుసు. మూడింట్లో ఒకటి అని తెలుసు. అయినా రెండోసారి చదివాను. కింద జవాబు రాసే చోటు ఎప్పటిలాగే తెల్లగా తెరుచుకుని ఉంది. ఏమీ రాయకుండా మూసేశాను.

మర్నాడు మధ్యాహ్నం దుప్పట్లు ఉతికి కిటికీ చువ్వలకి ఆరేస్తుంటే ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. జట్టు గదిలో గోల. ఖడ్గమృగాలు వదిలేసిన ఆటగాడి పేరు వచ్చేసింది. చేతులు తుడుచుకుని, నా పేరు చూడటానికి సిద్ధపడి తెరిచాను. నా పేరు లేదు. మిడత పేరూ లేదు.

పెద్దాయన పేరు ఉంది.

"మేనేజరమ్మా, మతి పోయిందా?" అని మిడత అరుస్తున్నాడు. "క్వార్టర్‌బ్యాక్ లేకుండా నాకు బంతి ఎవరు విసురుతారు? మీ తాతా?" పాతవాళ్ళు ఇంకా ఘాటుగా తిడుతున్నారు. వచ్చే సీజన్ మనం అట్టడుగున ఉంటామని ఒకడు, నేను వేరే జట్టు చూసుకుంటానని ఇంకొకడు. ఆవిడ అందరికీ కలిపి ఒకే ముక్క రాసింది. "నిర్ణయం అయిపోయింది."

తర్వాత నాకు విడిగా వచ్చింది.

"మీరు వదిలేయమన్నారు. వదల్లేకపోయాను. పెద్దాయన పోతే ఆ సంగతి పెద్దాయనకి కూడా తెలియదు. మీరు పోతే నాకు తెలుస్తుంది."

తడి దుప్పటి భుజం మీద వేసుకుని అలాగే మంచం మీద కూలబడ్డాను. ఏడ్చాను. ఈసారి ఎందుకో తెలిసే ఏడ్చాను. భర్త దగ్గరా పనిలోనూ ఇరుగుపొరుగులోనూ, నేను లేకపోతే తేడా తెలిసే మనిషి ఇన్నేళ్ళలో ఒకరు కూడా లేరు. తెలుస్తుందని చెప్పిన ఈ ఒక్క మనిషి మొహం నేను చూడలేదు, గొంతు వినలేదు. ఆవిడ మీద కోపం ఉందా అంటే ఉంది. అది ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది, నా సంగతి నాకు తెలుసు.

"మీరు మేనేజరుగా పనికిరారు" అని రాశాను. "జట్టు మొత్తాన్ని ముంచేశారు."

"తెలుసు" అని వచ్చింది.

ఇంకా తిడదామని మొదలుపెట్టాను. నాలుగు ముక్కలు కొట్టి చెరిపేశాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ చెరిపేశాను. ఆవిడ ఆకుపచ్చ చుక్క అక్కడే ఉంది, పోవడం లేదు. చివరికి ఇలా రాశాను.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

అడగకూడనిది అడిగానేమో అనుకుంటుండగా వచ్చింది.

"నేనొక్కదాన్నే."

ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది.

"ఇంకా అడగండి."